వ్యాపార సర్వరునకు ర్యాము ఎంత?

సిద్దిపేట అనగానే కోమటి చెరువును, గొల్లభామ చీరలును స్ఫురించును. 2023లో ఆ పట్టణమునకు ఐటీ టవరు కూడ వచ్చినది. అయినను కంప్యూటరు చిక్కులలో పెక్కు టవరులో గాక బజారు దుకాణములలోనే పుట్టునని మా అభిప్రాయము. బిల్లులు వ్రాయు సర్వరునకు ర్యాము ఎంత వేయింపవలెననునది అట్టి చిక్కులలో నొకటి. అమ్మువాడు 64 గిగాబైట్లు కావలెననును. యజమాని 8 చాలదా యనును. ఇద్దరును లెక్క వేయరు.

లెక్కకు ముందు ర్యాము చేయు పని యేమో తెలియవలెను. బట్టల దుకాణములో కౌంటరు వెనుక బీరువా యుండును. వెనుక వీథిలో గోదాము ఉండును. అడిగిన చీర బీరువాలో నున్నచో గుమాస్తా చేయి చాపి తీయును. లేనిచో గోదామునకు పరుగెత్తవలెను. సర్వరునకు ర్యాము బీరువా, డిస్కు గోదాము. ఒక అంశమును ర్యాము నుండి తీయుటకు సుమారు సెకనులో కోటివ వంతు పట్టును. ఎస్‌ఎస్‌డి నుండి తీయుటకు పదివేలవ వంతు. పాత తిరుగుడు డిస్కు నుండి నూరవ వంతు. కౌంటరు ముందు జనము బారులు తీరుటకు మూలము తరచుగా ఈ పరుగులే.

అట్లని గోదామునంతయు బీరువాలో పట్టింప నక్కరలేదు. 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు అనువారు నాటి ధరలను బట్టి యొక సూత్రము చెప్పిరి: అయిదు నిమిషములకొకసారి యైనను అవసరపడు అంశమును ర్యాములో నుంచుటయే చవుక యని. ధరలు మారినవి, నిమిషములును మారినవి. ఎంత తరచుగా తాకుదుమో చూచుకొను పద్ధతి మాత్రము నిలిచినది.

ఒక దుకాణమును ఊహింతము. పదేండ్ల బిల్లులు మొదలైనవన్నియు కలిసి 60 గిగాబైట్లు. కాని నిత్యము తాకునవి సరకుల పట్టిక, నిలువలు, ఖాతాదారులు, ఇటీవలి మూడు నెలల బిల్లులు, వీటి ఇండెక్సులు మాత్రమే. ఇవి 8 అనుకొందము. ఆపరేటింగు సిస్టమునకు 4. ఇరువది మంది ఒక్కమారు పనిచేయునప్పుడు నివేదికలకు, వరుసలు పేర్చుటకు 2. మొత్తము 14. మూడేండ్ల పెరుగుదలకై అందులో సగము చేర్చిన 21. కావున 16 చాలదు, 32 చాలును. 64 కొనుటకు దాచిన పైకమేదైన మిగిలినచో బ్యాకప్పునకు వెచ్చించుట మేలు.

ఈ లెక్కను పరీక్షించుటకు పండుగ రావలెను. బతుకమ్మ ముందటి రద్దీలో చూడవలెను గాని, గుమాస్తాలు కునుకు తీయు మధ్యాహ్నమున గాదు. ర్యాము నిండినదని బెదరవలదు. దొరకినంత ఆక్రమించి విడువకుండుట అనేక డేటాబేసుల స్వభావము. అందుచేతనే దానికొక గరిష్ఠ పరిమితి విధింపవలెను, లేనిచో ఆపరేటింగు సిస్టమునకే చోటు చాలక సర్వరంతయు కుంటువడును. అసలు చూడవలసినది డిస్కు నుండి ఎన్నిమారులు చదువుచున్నదో అది. నూటికి 99 ర్యాములో దొరకుచుండినవి 98కి తగ్గెననుకొందము. ఒక్కటియే కదా యనిపించును. కాని గోదామునకు పరుగులు ఒకటి నుండి రెండైనవి; అనగా రెట్టింపైనవి!

ఒక్కొకప్పుడు తప్పు ర్యాముది కానే కాదు. తగిన ఇండెక్సు లేనిచో ఒక్క ఫోను నంబరును వెదకుటకు పదేండ్ల బిల్లులన్నియు తిరుగవేయవలసి వచ్చును. ఆ త్రొక్కిసలాటలో నిత్యము కావలసిన అంశములు కూడ బీరువా నుండి బయటపడవచ్చును. ఇండెక్సు వేయుటకు క్రొత్త యంత్రమేమియు కొననక్కరలేదు.

చిన్న దుకాణములవారికి వేరొక చిక్కు కలదు. మైక్రోసాఫ్టు ఉచితముగా నిచ్చు ఎస్‌క్యూఎల్ సర్వరు 2022 ఎక్స్‌ప్రెస్ ఎడిషను డేటాను ర్యాములో నిలుపుకొనుటకు 1,410 మెగాబైట్లకు మించి వాడుకొనదు. దానిపై నడచు బిల్లింగు సాఫ్టువేరునకై 32 గిగాబైట్లు కొన్నను బీరువా అంతయే యుండును. అట్టివారు ర్యాము కొనుటకు ముందే, తమది ఏ ఎడిషనో సాఫ్టువేరు అమ్మినవారిని అడిగి తెలిసికొనవలెను.