నేను మిగులు టీచర్నట!

‘మిగులు’ అంటే రాత్రి గిన్నెలో మిగిలిన అన్నం అనే తెలుసు నాకు. 2022లో మండల విద్యాశాఖ ఆఫీసు గోడకి అంటించిన జాబితాలో ఆ మాట పక్కన నా పేరు కనిపించింది. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల సర్దుబాటుకని 117 జీవో వచ్చింది. అప్పటికి నాది పదహారేళ్ల సర్వీసు.

ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తయ్యగారు “ఉద్యోగం పోయిందా అమ్మా?” అని కంగారుపడ్డారు. పోలేదు. మిగులు టీచర్ని తీసెయ్యరు, ఖాళీ ఉన్న ఇంకో స్కూలుకి పంపుతారు. కానీ ఆ స్కూలు రెండు బస్సులు మారి వెళ్లే దూరంలో ఉంటే? ఇంట్లో మామయ్యగారు పక్షవాతంతో మంచాన ఉంటే?

మా ప్రాథమిక పాఠశాల హాజరుపట్టీలో 64 మంది పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టం పట్టిక ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. జాబితాలో మాత్రం మా స్కూలుకి 58 అని వేశారు. ఆధార్ వివరాలు కంప్యూటర్లో ఎక్కని ఆరుగురు పిల్లలు లెక్కలోకే రాలేదు! మా ముగ్గురిలో నేనే జూనియర్ని.

మా పెద్ద మేడమ్‌గారు “ఏడిస్తే లెక్క మారదు, కాగితం రాయమ్మా” అన్నారు. హాజరుపట్టీ, అడ్మిషన్ రిజిస్టరు నకళ్లు జతచేసి గడువులోపే అభ్యంతరం ఇచ్చాను. ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాను. జవాబు మాత్రం రాలేదు.

పూర్వం ఇలాంటి తగాదాలకి పరిపాలనా ట్రిబ్యునల్ ఉండేది. అది రద్దయ్యాక హైకోర్టుకే వెళ్లాలి. “గవర్నమెంటు మీద కేసా?” అని మావారు భయపడ్డారు. నాలాంటి నలుగురం కలిసి ఖర్చు పంచుకుని రిట్ వేశాం. “జీవో తప్పంటే కోర్టు అంత తేలిగ్గా జోక్యం చేసుకోదు. లెక్క సరిగా వేశారా, మీ మాట విన్నారా అని అడుగుదాం” అన్నారు లాయరుగారు.

కోర్టు జాబితాని కొట్టెయ్యలేదు. మా అభ్యంతరాలు పరిశీలించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వమంది. అంతవరకు మమ్మల్ని కదపొద్దంది. మళ్లీ లెక్కపెడితే మా స్కూల్లో 64 మంది తేలారు. నేను ఉండిపోయాను.

మాలో ఒకావిడ స్కూల్లో మాత్రం నిజంగానే పిల్లలు తగ్గారు. ఆవిడ వెళ్లక తప్పలేదు. చంటిపిల్లాణ్ణి తల్లి దగ్గర వదిలి, తెల్లవారుజామునే బస్సెక్కేది. “నా లెక్క సరిగానే ఉంది కదండీ, ఎవర్నని ఏం లాభం?” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. 2025లో ప్రభుత్వం ఆ 117 జీవోనే రద్దు చేసింది. ఆవిడకి గడిచిపోయిన మూడేళ్లు మాత్రం తిరిగి రావు కదా!

అందుకే తోటి టీచరమ్మలకి ఒక్క మాట. జాబితాలో పేరు చూసి కుంగిపోకండి. ముందు మీ స్కూలు లెక్క సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో ఎక్కని పిల్లలెవరో ఇప్పుడే ఎక్కించండి. అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకండి, రాసివ్వండి. గడువు దాటనివ్వకండి.

ఆ ఆరుగురిలో ఒక పాప ఇప్పటికీ బజార్లో కనిపిస్తే “టీచర్!” అంటూ పరుగెత్తుకొస్తుంది. తనని లెక్కలోంచి తీసేశారని ఆ పిల్లకి తెలీనే తెలీదు.