టీకా మరువని కణములు

ఆస్పత్రి ప్రయోగశాలలో పనిచేయు నా పూర్వ విద్యార్థిని యొకతె ఆ మధ్య ఒక కాగితము తెచ్చి చూపినది. హెపటైటిస్-బి టీకా పసితనములోనే మూడు మోతాదులు పడినవట. ఇప్పుడు పరీక్షింపగా రక్తములో ప్రతిరక్షకముల అంకె 4 మాత్రమే వచ్చినది. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లున్న రక్షణ కలదని లెక్క. "టీకా వృథాయేనా, మాస్టారూ?" అని ఆమె ప్రశ్న. నిత్యము పరుల రక్తముతో, సూదులతో మెలగువారికి ఇది ఊసుపోక అడుగు ప్రశ్న కాదు.

ఈ టీకాలో నున్నది వైరసు పైపొరలోని మాంసకృత్తు మాత్రమే. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో దీనిని గుర్తించి బ్లంబర్గు బృందము 1965లో ప్రకటించినది. 1981లో వచ్చిన తొలి టీకాను రోగవాహకుల రక్తమునుండియే తీసి శుద్ధి చేసెడివారు. 1986 నుండి ఆ పని ఈస్టు కణములకు అప్పగింపబడినది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇట్టి టీకానే విడుదల చేసినది. వైరసు జన్యుపదార్థ మిందులో లేదు గనుక దీనివలన జబ్బు వచ్చుట అసంభవము.

ఈ మాంసకృత్తు ఆకారమునకు సరిపడు బి-కణములు మన శరీరములో బహుకొద్ది. టి-కణముల తోడ్పాటుతో అవి వేలకొలదిగా చీలి రెండు తెగలగును. ఒక తెగ ప్రతిరక్షకములను స్రవించును. వీనిలో పెక్కు త్వరలోనే నశించును. పరీక్షలో కనబడునది వీని పనియే. రెండవ తెగ జ్ఞాపక కణములు. ఇవి దశాబ్దముల తరబడి ఊరక కాచుకొని యుండును, రక్తపరీక్ష కందవు.

ఇక్కడ వైరసు మందగమనము మనకు మేలు చేయుచున్నది. అది సోకిన పిదప జబ్బు బయటపడుటకు సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును. జ్ఞాపక కణములు మేలుకొని ప్రతిరక్షకములను తయారు చేయుటకు కొద్ది దినములు చాలును. కావున ఒకప్పుడు 10 దాటిన అంకె తరువాత తగ్గినను భయము లేదు.

అయితే ఆమె అంకె ఎన్నడైన 10 దాటినదా? పెద్దవారిలో నూటికి ఐదుగురు మొదలు పదిమంది వరకు ఈ టీకాకు స్పందింపరు. నలుబది దాటినవారు, పొగత్రాగువారు, స్థూలకాయులు, మూత్రపిండముల జబ్బు గలవారు వీరిలో ఎక్కువ. మరచిన రక్తమునకును, అసలు నేర్వని రక్తమునకును ఈ కాగితములో భేదము తెలియదు. తెలిసికొనుటకు మరియొక మోతాదు వేయించి, నెల తరువాత పరీక్షింపవలెను. జ్ఞాపకమున్నచో అంకె ఒక్కుమ్మడిగా ఎగయును. లేనిచో మిగిలిన మోతాదులు పూర్తి చేయవలెను. అప్పటికిని స్పందింపనివారు, సూది గ్రుచ్చుకొన్నచో సిద్ధముగానున్న ప్రతిరక్షకముల ఇంజక్షను వెంటనే తీసికొనవలసి యుండును.

ఆమె మోతాదు వేయించుకొన్నది. నెల తరువాత వచ్చిన అంకె 640.