పిల్లల ఎగ్జిమా – గుండె ఆరోగ్యం

మా సొసైటీ వైద్య శిబిరాలకు వచ్చే తల్లులు తరచుగా మమ్మల్ని అడిగే మాట: “బాబుకు ఈ దురద అంటుకునేదా?” మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక, పసివాళ్లకైతే బుగ్గల మీద చర్మం పొడిబారి, ఎర్రబడి, రాత్రంతా గోకించే ఈ జబ్బు ఎగ్జిమా. ఇది గజ్జీ కాదు, తామరా కాదు. ఒకరి నుండి ఒకరికి అంటదు. అందుచేత ఆ బిడ్డను మదరసాలో గాని, బడిలో గాని వేరుగా కూర్చోబెట్టడం అన్యాయం.

దీనికీ గుండెకూ సంబంధం ఉందా? 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక పరిశోధనలో, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పెద్దవారికి గుండెపోటు, గుండె వైఫల్యం ముప్పు కొంత ఎక్కువని కనిపించింది. చర్మవ్యాధే అందుకు కారణమని రుజువు కాలేదు. కనుక పిల్లవాడి గుండె గురించి బెంగపడనక్కరలేదు. అయితే ఏళ్ల తరబడి దురదతో నిద్ర చెడి, చెమటకు మంటపుట్టి ఆటలు మానేస్తే బరువు, రక్తపోటు పెరగవచ్చు. గుండెకు చేటు చేసేవి అవే.

చేయవలసింది కష్టమేమీ కాదు. గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించి, తడి పూర్తిగా ఆరకముందే వాజలైన్ వంటిది రాయాలి. వుజూ తర్వాత కూడా అంతే. అత్తరు ఒంటికి పూయవద్దు. పండుగ బట్టల కింద మెత్తని నూలు బనియను వేయాలి. స్టెరాయిడ్ ట్యూబు మందుల షాపులో అడిగి తెచ్చి సొంతంగా వాడవద్దు. డాక్టరు రాసిస్తే భయపడి మధ్యలో మానవద్దు.

బిడ్డలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. వారు రాత్రి హాయిగా నిద్రపోయేలా చూడటం మన బాధ్యత.