కంప్యూటరులో పాత పనిముట్లు ఉండవలెనా?

ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పును తేదీతో సహా భద్రపరచు సాధనములు కలవు. 1980 దశకమునాటి ఆర్‌సీఎస్, సీవీఎస్ అట్టివి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రూపొందించిన పిమ్మట వాటి వాడుక క్షీణించినది. ఫ్రీబీఎస్‌డీ అను నిర్వహణ వ్యవస్థ 2014 నాటి 10.0 విడుదలలో సీవీఎస్‌ను తొలగించగా, ఓపెన్‌బీఎస్‌డీ మాత్రము అటుపిమ్మటను దానినే వాడినది.

సంరక్షకులు లేని సాధనమును ప్రతి యంత్రములోను ఉంచుట భద్రతకు ముప్పే. కాని ఈ రెండింటి దస్త్రములలోను తాజా ప్రతి మాత్రమే పూర్తిగా ఉండును. పాతవి తేడాల రూపమున నిలుచును. సాధనము లేనిచో వాటిని చేతితో కూర్చుకొనవలెను. అది ఎంత శ్రమయో ఊహింపుడు! మన పెడన కలంకారీ అచ్చు పనిబల్లపై లేకున్నను అటకపైనున్న చాలును గదా. కావున మూలవ్యవస్థనుండి తీసివేసి, కోరినవారికి విడిగా లభించునట్లు ఉంచుటయే సబబు. అయితే తొలగింపును చాల ముందుగా తెలిపి, పాత చరిత్రను గిట్‌లోనికి మార్చుకొను వ్యవధి ఈయవలెను.