క్రొత్త ఆటగాని విలువ కట్టుట ఎట్లు?

సికింద్రాబాదు మెట్టుగూడలో మెట్రో ఎక్కినవారికి ఉప్పల్ క్రికెట్ మైదానము ఎంతో దూరము కాదు. అచ్చట మ్యాచి ఉన్ననాడు మా విద్యార్థులు కాగితముపై ఫాంటసీ క్రికెట్ ఆడుకొందురు. అనగా, తలపడు రెండు జట్లనుండి పదకొండుగురిని ముందుగా ఎన్నుకొని, వారు నిజముగా చేసిన పరుగులకు, తీసిన వికెట్లకు పాయింట్లు వేసికొందురు. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు నిషేధించినది. వీరి ఆటలో పందెము లేదు. లెక్క మాత్రమే ఉన్నది.

పేరుమోసిన బ్యాటర్లతో నిండిన జట్టులోని క్రొత్తవానిని ఎన్నుకొనవచ్చునా? ఇదే వారికి చిక్కు ప్రశ్న.

విశాఖపట్నము యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిని తీసికొందము. సన్‌రైజర్స్ హైదరాబాదు పక్షమున 2024 ఐ.పి.ఎల్.లో ఆయన 212 బంతులలో 303 పరుగులు చేసి, వర్ధమాన ఆటగాడుగా బహుమతి పొందెను. 2025లో చేసినవి 153 బంతులలో 182 పరుగులే. "ఇక అతని పని అయిపోయినది" అని ఒక విద్యార్థి తేల్చివేసెను. ఇది సరియేనా?

పరుగులనగా ఆడిన బంతుల సంఖ్యను బంతికి వచ్చిన పరుగులచే గుణింపగా వచ్చు లబ్ధము. బంతికి పరుగులు 1.43 నుండి 1.19కి తగ్గినమాట నిజమే. కాని ఈ రేటుతోనే 212 బంతులు ఆడియున్నచో సుమారు 252 పరుగులు వచ్చెడివి. తగ్గిన 121 పరుగులలో సగమునకు పైగా బంతుల కొరతవలన పోయినవే.

ఇన్నింగ్సుకు ఉన్నవి 120 బంతులు. వీధి చివరి ఇంటి కుళాయికి ముందు ఇండ్లవారు పట్టుకొనగా మిగిలిన నీరే గదా వచ్చును! హెడ్, అభిషేక్ శర్మలకు తోడు 2025లో ఈశాన్ కిషన్ కూడ చేరెను. త్వరగా అవుటైనను బంతులు తగ్గుననుట మరువరాదు.

రేటును కూడ తొందరపడి నమ్మరాదు. 2024లో పంజాబుపై 37 బంతులలో 64, ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 42 బంతులలో 76 పరుగులు వచ్చినవి. ఈ రెండును తీసివేసినచో మిగిలిన రేటు 1.23 మాత్రమే. మంచి రోజులు తీసివేసిన ఎవరి రేటైనను తగ్గును. కాని రెండు రోజులే ఏడాది లెక్కను ఇంత మార్చినవన్నచో, 212 బంతులు చిన్న నమూనా అని తెలియుచున్నది.

బంతులకు పరిమితి లేని చోట ఏమి జరిగినది? 2024 డిసెంబరులో మెల్బోర్న్ టెస్టున ఎనిమిదవ స్థానములో వచ్చి, 189 బంతులాడి 114 పరుగులు చేసెను. 2025 ఐ.పి.ఎల్. అంతటిలో ఆడినవానికంటె అవి ఎక్కువ బంతులు!

కనుక క్రొత్తవానిని తూచునపుడు మొదట అతనికి ఎన్ని బంతులు అందునో చూడవలెను. తరువాత, బౌలింగు వంటి రెండవ పని కలదా అని అడుగవలెను. రేటును చివర చూడవలెను.

తీర్పు చెప్పిన ఆ విద్యార్థి మా కాలేజీ జట్టుకు కెప్టెను. ఏడవ స్థానమున ఆడు మొదటి సంవత్సరపు కుర్రవానిని మూడు మ్యాచిలకే తీసివేయదలచి యుండెను. స్కోరు పుస్తకము తెరచి చూడగా, ఆ మూడింటిలో కుర్రవాడు ఆడినవి పదకొండు బంతులు. తరువాతి మ్యాచిలో అతనిని నాలుగవ స్థానమున పంపిరి.