పైపులో వెళ్లే గ్యాస్ ‘పొడి’గా ఉండాలంటారు, ఎందుకు? బావి నుంచి స్టవ్ దాకా శుద్ధి ఎలా జరుగుతుంది?

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. తర్వాత జరిగిన విచారణలో తరచూ వినిపించిన మాట ‘తడి గ్యాస్’. పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన పైపులో తడి గ్యాస్ వెళ్లిందని, అందువల్ల పైపు లోపల తుప్పు పట్టిందని తేలింది.

ఇంతకీ గ్యాస్‌కు తడి ఏమిటి? దాన్ని ఎలా తీస్తారు? పైపులైను పక్కన ఉండేవారికి ఈ విషయంతో పనేమిటి?

బావిలోంచి వచ్చేది వంట గ్యాసేనా?

కాదు. బావిలోంచి వచ్చేది ఒక మిశ్రమం. అందులో ఎక్కువ భాగం మీథేన్. దాంతోపాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, పెట్రోలును పోలిన తేలికపాటి ద్రవం (దీన్నే కండెన్సేట్ అంటారు), నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. కొన్ని క్షేత్రాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువు కూడా వస్తుంది.

వీటిని వేరు చేశాక మిగిలే మీథేనే ఇళ్లకు పైపుల్లో, వాహనాలకు సీఎన్‌జీగా, ఎరువుల ఫ్యాక్టరీలకు, విద్యుత్ కేంద్రాలకు వెళ్తుంది. ప్రొపేన్, బ్యూటేన్ కలిస్తే సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ. అంటే పైపు గ్యాస్, సిలిండర్ గ్యాస్ రెండూ వేర్వేరు.

నీళ్లుంటే పైపుకు ఏమవుతుంది?

భూమి లోపల గ్యాస్ వేడిగా ఉంటుంది. పైకి వచ్చి చల్లబడగానే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది. ఆ నీరు పైపు అడుగున, ముఖ్యంగా పల్లంగా ఉన్న చోట్ల నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. సోడాలో ఉండేదీ ఇదే. మనం తాగితే ఏమీ కాదు. కానీ అధిక పీడనంలో ఏళ్ల తరబడి ఉక్కును తాకుతూ ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. పైకి పైపు బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం గోడ పలచబడుతూ ఉంటుంది.

మరో ఇబ్బంది కూడా ఉంది. అధిక పీడనంలో నీరు, మీథేన్ కలిసి మంచు లాంటి గడ్డలు కడతాయి. వీటిని హైడ్రేట్లు అంటారు. నీరు గడ్డకట్టే సున్నా డిగ్రీల కంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర కూడా ఇవి ఏర్పడతాయి. గ్యాస్ పైపులు మూసుకుపోవడానికి ఈ గడ్డలే కారణమని 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ అనే రసాయన నిపుణుడు తేల్చారు. గ్యాస్‌ను ఆరబెట్టాక పంపడం ఆ తర్వాతే తప్పనిసరి పద్ధతిగా స్థిరపడింది.

నీటిని ఎలా తీస్తారు?

ఎక్కువగా వాడేది ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం. నీటిని పీల్చుకోవడం దీని గుణం. ఎత్తైన స్తంభం లాంటి పాత్రలో గ్యాస్ కింది నుంచి పైకి, గ్లైకాల్ పై నుంచి కిందికి ప్రవహిస్తాయి. రెండూ కలిసేచోట నీటి ఆవిరి గ్లైకాల్‌లోకి చేరుతుంది. తడిసిన గ్లైకాల్‌ను సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే నీరు ఆవిరై పోతుంది. మిగిలిన గ్లైకాల్‌ను మళ్లీ వాడతారు.

అమెరికా పైపులైన్లలో సాధారణంగా పాటించే పరిమితి ప్రకారం ఘనపు మీటరు గ్యాస్‌లో నీరు సుమారు 112 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే రెండు, మూడు చుక్కలు.

గ్యాస్‌ను బాగా చల్లబరచాల్సి వస్తే ఆ మాత్రం తేమ కూడా పనికిరాదు. అప్పుడు జియోలైట్ గుళికలు వాడతారు. వీటిలోని అతి సూక్ష్మ రంధ్రాలు నీటి అణువులను పట్టి ఉంచుతాయి.

మిగతా మలినాల సంగతేమిటి?

కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ రెండూ ఆమ్ల గుణం ఉన్నవి. అందుకే క్షార గుణం ఉన్న ఎమైన్ ద్రావణంతో గ్యాస్‌ను కడుగుతారు. అమెరికాకు చెందిన రాబర్ట్ బాటమ్స్ 1930లో ఈ పద్ధతికి పేటెంట్ పొందారు. ఇక్కడ కూడా వాడిన ద్రావణాన్ని వేడి చేసి మళ్లీ తిప్పుతారు. ముంబై తీరంలోని బసీన్ క్షేత్రం నుంచి వచ్చే గంధకపు గ్యాస్‌ను గుజరాత్‌లోని హజీరాలో ఓఎన్‌జీసీ శుద్ధి చేస్తోంది. వేరుచేసిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గంధకంగా మార్చవచ్చు.

1980ల నుంచి పొరలతో వడకట్టే పద్ధతి కూడా వాడకంలోకి వచ్చింది. ప్రత్యేక పాలిమర్ పొరల గుండా కార్బన్ డయాక్సైడ్ త్వరగా దాటిపోతుంది, మీథేన్ చాలావరకు ఇవతలే ఉండిపోతుంది. వేడి చేయాల్సిన ద్రావణం లేకపోవడం ఇందులోని సౌలభ్యం. కొంత మీథేన్ కూడా పొర దాటి పోవడం లోపం.

ఎల్‌పీజీ ఎలా వేరవుతుంది?

చల్లబరచడం ద్వారా. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, మీథేన్ మైనస్ 161 డిగ్రీల దగ్గర ద్రవమవుతాయి. మధ్యలో ఇంత తేడా ఉంది కాబట్టి గ్యాస్‌ను తగినంత చల్లబరిస్తే ప్రొపేన్, బ్యూటేన్ ద్రవంగా కిందికి దిగుతాయి, మీథేన్ వాయువుగానే ఉంటుంది. ఆధునిక ప్లాంట్లలో గ్యాస్ పీడనాన్నే టర్బైన్ తిప్పడానికి వాడతారు. ఆ పని చేసే క్రమంలో గ్యాస్ తనంతట తానే చల్లబడుతుంది. మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్‌లో గెయిల్ ఇలా గ్యాస్ నుంచి ఎల్‌పీజీ తీస్తోంది. విశాఖ రిఫైనరీ లాంటి చోట్ల ముడిచమురు శుద్ధిలో కూడా ఎల్‌పీజీ వస్తుంది. అయినా దేశ అవసరాల్లో సగానికి పైగా దిగుమతుల మీదే ఆధారపడుతున్నాం.

మరి నగరంలో లోపం ఎక్కడ?

పైన చెప్పిన పద్ధతులేవీ కొత్తవి కావు. గ్లైకాల్‌తో ఆరబెట్టడం దశాబ్దాలుగా ఉన్నదే. తాటిపాక నుంచి వెళ్లే గ్యాస్‌కు నీరు తీసే యూనిట్ లేకపోవడాన్ని విచారణ ప్రధాన లోపంగా చూపింది. గ్యాస్ ఇచ్చే సంస్థ ఒకటి, పైపు నడిపే సంస్థ మరొకటి అయినప్పుడు, ఆరబెట్టే యూనిట్ ఎవరు పెట్టాలి, తేమ ఎవరు కొలవాలి, పరిమితి దాటితే సరఫరా ఎవరు ఆపాలి అన్నది కాగితం మీద స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఆ భారం పైపు వెళ్లే ఊరి మీద పడుతుంది.

దేశంలో పైపుల్లో పంపే గ్యాస్ నాణ్యతకు, పైపుల భద్రతకు పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ బోర్డు (పీఎన్‌జీఆర్‌బీ) ప్రమాణాలు నిర్ణయించింది. పైపు లోపలికి ‘పిగ్’ అనే పరికరాన్ని పంపి నిలిచిన నీటిని తోసేస్తారు. సెన్సర్లున్న పిగ్ అయితే గోడ మందాన్ని కూడా కొలుస్తుంది. మీ ఊరి మీదుగా వెళ్లే లైనును చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారని ప్రభుత్వ రంగ సంస్థలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

పైపులైను పక్కన ఉండేవారు ఏం గుర్తుంచుకోవాలి?

* వాసన వస్తేనే లీకు అనుకోవద్దు. మీథేన్‌కు వాసన ఉండదు. వాసన వచ్చే రసాయనాన్ని సాధారణంగా ఇళ్లకు పంపిణీ చేసే ముందు కలుపుతారు. దూర ప్రాంతాలకు వెళ్లే పెద్ద లైన్లలో అది ఉండకపోవచ్చు.
* బుస్సుమనే శబ్దం, కాలువలో లేదా చేలో నీటి బుడగలు, పైపు మార్గంలో మాత్రమే ఎండిన పచ్చిక లీకుకు సూచనలు కావచ్చు.
* అనుమానం వస్తే పొయ్యి వెలిగించవద్దు, స్విచ్‌లు వేయవద్దు, వాహనం స్టార్ట్ చేయవద్దు. గాలికి ఎదురు దిశలో దూరంగా నడిచి వెళ్లాకే ఫోన్ చేయండి.
* పైపు మార్గంలోని బోర్డు మీద సంస్థ అత్యవసర నంబరు ఉంటుంది. ముందే రాసి పెట్టుకోండి. 112కు కూడా చెప్పవచ్చు. సిలిండర్ లీకైతే 1906.
* ఇంట్లో లీకైతే తేడా గుర్తుంచుకోండి. పైపు గ్యాస్ గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. సిలిండర్ గ్యాస్ బరువు, నేల మీద పరుచుకుంటుంది. రెండింటికీ తలుపులు, కిటికీలు తెరవాలి.
* 1962 నాటి చట్టం ప్రకారం పైపు వెళ్లే స్థలం యాజమాన్యం రైతుదే. అయితే ఆ పట్టీలో ఇల్లు కట్టడం, బావి తవ్వడం, చెట్లు నాటడం కుదరదు.