బండికి మూడు లక్షలు.. బుద్ధికి ఐదొందలు!

జనవరిలో ఓ శనివారం సాయంత్రం. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర కృష్ణా ఒడ్డు. మూడు లక్షలు పోసి ముస్తాబు చేసిన నా థార్ ఇరుసుల దాకా బురదలో దిగిపోయింది. మా నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని పక్కన నిలబడ్డాడు. పొద్దు గుంకుతోంది. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత.

ఆ గంటన్నరలో నేర్చుకున్నది నాకు ఏ రీలూ నేర్పలేదు. ఆఫ్‌రోడ్ బండి కొని, క్యాంపింగ్‌కి రెడీ చేద్దామని అనుకుంటున్నారా? అయితే ముందు ఈ కథ వినండి.

పెళ్లికొడుకు బండి

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రెండేళ్ల కిందట 2021 మోడల్ డీజిల్ థార్, ఫోర్ బై ఫోర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. లోన్ మీదే. నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడిచే సత్తా. కంపెనీ ఇచ్చిందే ఎక్కువ. కానీ రాత్రిళ్లు వీడియోలు చూస్తుంటే మనసు ఆగదు కదా!

ఆర్నెల్లలో రెండంగుళాల లిఫ్ట్ కిట్, 33 అంగుళాల టైర్లు, ముందు స్టీల్ బంపర్, పైన లైట్ బార్, రూఫ్ ర్యాక్, దాని మీద టెంట్ వచ్చి చేరాయి. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, ‘పెళ్లికొడుకులా ఉందిరా. పనికొస్తుందా?’ అన్నాడు. నేను నవ్వేశా.

పైన ఎండ.. కింద బురద

సోమశిల దగ్గరున్నవి శ్రీశైలం జలాశయం వెనక జలాలు. నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డు బయటపడుతుంది. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టి నేలలా కనిపిస్తుంది. కింద వండ్రు మాత్రం పచ్చిగానే ఉంటుంది. ‘దిగి నడిచి చూడరా’ అని నాన్న అంటూనే ఉన్నాడు. నేను నీళ్ల అంచు దాకా తోలేశా. పైపొర విరిగింది. బండి కూర్చుంది.

అప్పుడు అందరూ చేసే తప్పే నేనూ చేశా. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కా. ‘కాలు తియ్యి! బండి గొయ్యి తవ్వుకుంటోంది’ అని అరిచాడు నాన్న. అప్పటికే ఆలస్యమైంది. టైరు గాడుల్లో వండ్రు నిండిపోయి నున్నగా తిరుగుతున్నాయి. బండిలో పార లేదు, తాడు లేదు. లైట్ బార్ మాత్రం ఉంది!

దూరంగా పొలం నుంచి వెళ్తున్న ట్రాక్టర్‌ని నాన్న పిలుచుకొచ్చాడు. రైతు దగ్గర ఇనుప గొలుసు ఉంది. నా కొత్త స్టీల్ బంపర్‌కి తగిలించాం. నాన్న బంపర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. ‘పెద్దాయనా, దూరం జరుగు. గొలుసు తెగితే మనిషి మిగలడు’ అన్నాడు రైతు. నాన్న పది అడుగులు వెనక్కి నడిచాడు.

ట్రాక్టర్ లాగింది. గొలుసు తెగలేదు. బంపరే ఊడొచ్చింది. గొలుసుతో పాటు ఎగిరి, అరనిమిషం కిందట నాన్న నిలబడ్డ చోట పడింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత చూస్తే, ఆ బంపర్‌ని చాసిస్‌కి బిగించనే లేదు. పల్చటి రేకు బ్రాకెట్లకి తగిలించారు. షాపువాణ్ని తిట్టుకున్నా. కానీ బిగించేటప్పుడు కిందికి వంగి చూడని ఇంజినీర్‌ని నేనే కదా?

రెండోసారి వెనక వైపు చాసిస్‌కి ఉన్న హుక్‌కి గొలుసు వేసి, వచ్చిన దారినే వెనక్కి లాగారు. బయటపడ్డాం. రైతు డీజిల్‌కని ఐదొందలే తీసుకుని, ‘ఇంత పెద్ద బండి తెచ్చినవ్, తాడు తెచ్చుకోలేవా తమ్మీ?’ అన్నాడు. సమాధానం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

లెక్కలు అప్పుడు వేశా

ఇంటికొచ్చాక, కొనకముందు వేయాల్సిన లెక్కలు వేశా. థార్‌కి వెనక ఇరుసు ఒకే దుంగలా ఉంటుంది. లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుంది కానీ, ఆ ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్‌ని ఒక్క మిల్లీమీటర్ కూడా లేపదు. రాయికి ముందు తగిలేది అదే! దాన్ని పైకి లేపేది పెద్ద టైరు ఒక్కటే. 31 నుంచి 33 అంగుళాలకి వెళ్తే దక్కేది అంగుళం. దానికి మనం చెల్లించే ధర? స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే నిజంగా 85లో పోతుంటాం. బ్రేకులు, గేరుబాక్సు మీద భారం పెరుగుతుంది. ఇక టెంటు బరువు నెత్తిన పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస ఇదీ:

1. ముందు మంచి ఆల్ టెర్రైన్ టైర్లు. కంపెనీ సైజులోనే.
2. గాలి కొలిచే గేజ్, చిన్న కంప్రెసర్. ఇసుకలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు పరుచుకుని బండి తేలుతుంది. మళ్లీ రోడ్డెక్కే ముందు నింపాల్సిందే. తడి వండ్రులో మాత్రం ఈ చిట్కాని నమ్ముకోవద్దు.
3. లాగే పట్టీ, షాకిల్స్, పార. వీటిని చాసిస్‌కి ఉన్న హుక్‌కే తగిలించాలి. పట్టీ మీద బరువైన దుప్పటి వేస్తే, తెగినప్పుడు ఎగిరే జోరు కొంత తగ్గొచ్చు. మనుషులు మాత్రం ఎప్పుడూ దూరంగానే.
4. క్యాంపులో లైట్లకి, ఫ్రిజ్‌కి వేరే బ్యాటరీ. బండి బ్యాటరీ వాడితే తెల్లారి స్టార్ట్ కాకపోవచ్చు.
5. టెంటు నేల మీద వేసేదే చాలు.

రెండు, మూడు కలిపి నాకైంది పదివేల లోపే.

చట్టం మాటేంటి?

ఇదీ నేను ఆలస్యంగానే చదివా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల వరకూ జైలు, లేదా రెండూ. ముందు తగిలించే బుల్ బార్లు వద్దని 2017లోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. పాదచారికి తగిలితే దెబ్బ పెద్దదవుతుంది మరి. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే, క్లెయిమ్ రోజున చిక్కు మనకే.

ఇంకోటి. అక్కడికి దగ్గర్లోనే ఉంది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని అనుమతి లేకుండా అడవిలోకి దూరడం నేరం. ఊరి పక్కన గుడారం వేసినా, ఆ నేల యజమానిని అడగండి. అడిగితే చాలాసార్లు కాదనరు.

మళ్లీ వెళ్లాం

లిఫ్ట్ కిట్, లైట్ బార్, రూఫ్ ర్యాక్ తీసేశా. పాత టైర్లు, పాత బంపర్ మళ్లీ ఎక్కించా. మూడు లక్షల్లో అమ్మితే వచ్చింది సగం లోపే. మిగతాది ఫీజనుకున్నా.

మొన్న మళ్లీ సోమశిల వెళ్లాం. ఒడ్డుకి వంద అడుగుల దూరంలోనే బండి ఆపి దిగా. మడమతో నేల తొక్కి చూస్తూ నీళ్ల వైపు నడిచా. వెనక్కి తిరిగి చూస్తే, నాన్న బండి దిగకుండానే టీ ఫ్లాస్కు తీస్తున్నాడు.

‘ఏంటి నాన్నా, దిగవా?’ అన్నా.

‘నువ్వు దిగావుగా. చాల్లే’ అన్నాడు.